నత్తగుల్లలో చేపల కాపురం

చీమలు కట్టిన పుట్టలో పాము చేరడం మనం ఎరిగినదే. నత్త విడిచిన గుల్లలో చేప కాపురముండడం మాత్రం చాలామంది వినని సంగతి. తూర్పు ఆఫ్రికాలోని టాంగనీకా సరస్సులో ఇటువంటి చేపలు అనేక జాతులు ఉన్నవి. అవి పుట్టేది గుల్లలో, దాగేది గుల్లలో, గుడ్లు పెట్టేది గుల్లలో. మన నగరాలలోని కొన్ని చేపల దుకాణాలలో కూడా ఇప్పుడు వీటిని అమ్ముతున్నారు. కొనేవారు చేప సొగసు చూసి కొంటారు. గుల్ల సంగతి అడిగేవారు తక్కువ. రంగురాళ్ళు పోసిన గుండ్రని గాజుగిన్నెలో ఒక జంటను వదలి, పది రోజులకు అవి చనిపోతే 'వీటికి ఆయుష్షు తక్కువ' అని సరిపెట్టుకోవడం పరిపాటి అయినది. నిజానికి సరిగా పెంచితే ఇవి ఐదారేళ్ళు బ్రతుకుతాయి. లోపం ఆయుష్షులో లేదు. ఉండడానికి ఇల్లు లేదు, పోసిన నీరు తగినది కాదు. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి చేపల ప్రసక్తి ఎందుకని మా సహాధ్యాపకులు కొందరు నవ్వుతూ ఉంటారు. కొన్నేళ్ళుగా వీటిని పెంచుతూ, వీటిని గురించి చదువుతూ ఉన్నందున, తెలిసినంత మట్టుకు విద్యార్థులకు చెప్పడం ఉచితమని మేము తలచాము.

ముందు సరస్సు సంగతి. టాంజానియా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, బురుండి, జాంబియా అనే నాలుగు దేశాల నడుమ ఉత్తర దక్షిణాలుగా సుమారు 670 కిలోమీటర్ల పొడవున ఈ సరస్సు పరచుకొని ఉన్నది. సైబీరియాలోని బైకాల్‌ను మినహాయిస్తే ప్రపంచంలో ఇంత లోతైన సరస్సు మరొకటి లేదు; గరిష్ఠమైన లోతు దాదాపు 1,470 మీటర్లు. అయితే ఆ లోతంతా జీవులకు ఉపయోగపడేది కాదు. అడుగున ఉన్న నీటిలో ప్రాణవాయువు లేదు. చేపలు, నత్తలు, పీతలు అన్నీ పైనున్న నూరు, రెండు నూర్ల మీటర్లలోనే బ్రతకాలి. లక్షలాది ఏళ్ళుగా ఈ సరస్సు ఒక వేరు లోకమై ఉన్నందువల్ల ఇక్కడి జీవజాతులలో చాలా భాగం మరెక్కడా కానరావు. సిక్లిడ్ కుటుంబానికి చెందిన చేపలే ఇక్కడ సుమారు 250 జాతులు. సిక్లిడ్ అనగానే ఏదో విడ్డూరమైన చేప అనుకోనక్కరలేదు. మన చెరువులలోనూ, చేపల బజారులోనూ కనిపించే తిలాపియా ఈ కుటుంబంలోనిదే.

సరస్సు ఒడ్డున కొన్నిచోట్ల పెద్ద పెద్ద బండలు నీటిలోకి దిగి ఉంటాయి. అక్కడ చేపలు రాళ్ళ సందులలో దాగుతాయి. మరికొన్ని చోట్ల అంతా ఇసుక మైదానమే. రాయి లేదు, చెట్టు లేదు, చాటు లేదు. చిన్న చేపను పెద్ద చేప తరిమితే పారిపోవడానికి దిక్కులేని ప్రదేశమది. ఆ మైదానంలో నియోథామా అనే నత్త ఒకటి నివసిస్తుంది. దాని గుల్ల ఇంచుమించు ఐదారు సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. నత్త చనిపోయిన తరువాత గుల్ల మిగులుతుంది. ఇక్కడే సరస్సు నీటి గుణం అక్కరకు వస్తుంది. ఆ నీరు క్షారగుణం కలది, పి.హెచ్. తొమ్మిదికి అటూ ఇటూగా ఉంటుంది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, అనగా సున్నపురాయి పదార్థమే. ఆమ్లగుణం గల నీటిలో అయితే అది కొన్నాళ్ళకు కరగిపోతుంది. టాంగనీకాలో కరగదు సరికదా, దానిపై సున్నపు పొర మరికొంత పేరుకొని గట్టిపడుతుంది. అందువలన తరతరాల నత్తల గుల్లలు పోగుపడి, అడుగున ఎకరాల కొద్దీ పరుపులుగా ఏర్పడినవి. శాస్త్రజ్ఞులు వయస్సు నిర్ణయించగా అందులో కొన్ని గుల్లలు వెయ్యేళ్ళకు పైబడినవని తేలినది. ఎన్నడో చచ్చిన నత్త ఇంట్లో నేటి చేప పిల్లల్ని కంటున్నదన్న మాట!

గుల్లలలో నివసించే చేపలు అన్నీ ఒకే విధంగా కాపురం చేయవు. వీటిలో మిక్కిలి చిన్నది మల్టిఫేషియేటస్. దీనిని 1906లో బూలెంజర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు మొదట వర్ణించాడు. మగది నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఆడది అంతకన్నా చిన్నది. లేత గోధుమ రంగు దేహంపై నిలువు చారలు వరుసగా ఉంటాయి. పేరుకు అర్థం 'పలు పట్టీలు కలది' అనే. ఇవి ఉమ్మడి కుటుంబంగా జీవిస్తాయి. ఎదిగిన పిల్లలు తల్లిదండ్రుల సమీపంలోనే తమ తమ గుల్లలు చూసుకొని ఉండిపోతాయి. అందరూ కలిసి ఇసుకను నోటితో తవ్వి దూరంగా ఉమ్ముతారు. ఆ విధంగా పూడిపోయిన గుల్లలు బయటపడతాయి, కొత్త ఇళ్ళు ఏర్పడతాయి. (చేపలను గురించి 'అందరూ' అనడం వ్యాకరణ విరుద్ధమే కాని, వాటి సంసారం చూస్తున్నప్పుడు ఆ మాటే వస్తుంది.) ఉర్దూలో మందమతిని 'ఘోంఘా బసంత్' అని ఎగతాళి చేస్తారు. ఘోంఘా అంటే నత్త. గుల్లలో ఉన్నదెల్లా మందమతి కానక్కరలేదని ఈ చేపలను ఒక గంట సేపు చూసినవారు ఒప్పుకొంటారు.

ఒసెల్లేటస్ అనే మరొక జాతి తత్త్వం వేరు. దీనికి ఇరుగుపొరుగు పడదు. ఒక్కొక్క చేపకు ఒక్కొక్క గుల్ల. గుల్ల దొరకగానే దాని కింది ఇసుకను తోడివేస్తుంది. గుల్ల తనంతట తాను క్రుంగుతుంది. తరువాత తోకతో ఇసుక చిమ్మి, గుల్ల నోరు తప్ప తక్కిన భాగమంతా కప్పివేస్తుంది. పైనుండి చూస్తే ఇసుకలో ఒక చిన్న రంధ్రం మాత్రమే కనిపిస్తుంది. ఒక మగచేప ఏలుబడిలో రెండు మూడు ఆడచేపలు ఉన్నా, వాటి గుల్లల మధ్య ఎడముండాలి. పిల్లలు కాస్త పెరగగానే తల్లి వాటిని తరిమివేస్తుంది. దీని ధైర్యం మాత్రం చెప్పుకోదగినది. ఐదు సెంటీమీటర్ల ఈ చేప తొట్టి శుభ్రం చేయబోయిన మనిషి చేతివేలిని కూడా వచ్చి పొడుస్తుంది.

అన్నింటిలో ఆశ్చర్యకరమైనది కాలిప్టెరస్. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఈ రెండింటినీ రెండు వేర్వేరు కష్టాలుగా చెప్పారు. కాలిప్టెరస్ మగచేపకు ఆ రెండూ ఒకటే. అది గుల్లలను ఒక్కొక్కటిగా నోట కరచి మోసుకొని వచ్చి తన చోట కుప్ప వేస్తుంది. ఆడచేపలు వచ్చి, ఆ కుప్పలోని గుల్లలలో దూరి గుడ్లు పెడతాయి. ఎన్ని గుల్లలుంటే అన్ని సంసారాలు. దూరం నుండి మోసుకొని రావడం కష్టమనిపిస్తే పక్క మగచేప కుప్పలోనుండి దొంగిలించడమూ ఉన్నది. ఆ గుల్లలో అప్పటికే ఒక ఆడచేప ఉన్నా దొంగ లక్ష్యపెట్టడు. జపాన్ శాస్త్రజ్ఞుడు తెత్సు సాతో ఈ గుల్లలు సేకరించే విధానాన్ని గురించి 1994లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది.

ఇందులోని కిటుకు గమనించదగినది. గుల్లను మోయాలంటే మగచేప పెద్దదై ఉండాలి. గుల్లలో దూరాలంటే ఆడచేప చిన్నదై ఉండాలి. ఒకే వస్తువు ఒకరిని పెద్దగాను, మరొకరిని చిన్నగాను మలచినది. తత్ఫలితంగా ఈ జాతిలో మగచేప సగటున ఆడచేపకు పన్నెండింతల బరువు ఉంటుంది. మగది ఆడదానికన్నా పెద్దదిగా ఉండే జంతువులలో ఇంతటి తారతమ్యం మరెక్కడా కనబడలేదు. ఇంత పెద్ద మగచేప గుల్లలో దూరలేదు కనుక గుల్ల నోటివద్దనే వీర్యాన్ని విడుస్తుంది. ఈ బలహీనతను కనిపెట్టిన మరుగుజ్జు మగచేపలు కొన్ని ఉన్నవి. అవి ఆడచేప కన్నా కూడా చిన్నవి. ఆడచేప పక్కనుండి సందు చేసుకొని గుల్ల చిట్టచివరి మెలికలోకి జారిపోయి, లోపలినుండి గుడ్లను ఫలదీకరిస్తాయి. కాపలా కాసే యజమానికి ఇంట్లో మరొకరు ఉన్న సంగతే తెలియదు. ఈ మరుగుజ్జుతనం తిండి లేక వచ్చినది కాదు, తండ్రి నుండి కొడుకుకు సంక్రమించేది.

ఇంట్లో పెంచడానికి కాలిప్టెరస్ తగదు. దానికి విశాలమైన తొట్టి కావాలి. కొత్తవారికి మల్టిఫేషియేటస్ మేలు. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పయి వెడల్పు, ముప్పయి ఎత్తు గల తొట్టిలో 54 లీటర్ల నీరు పడుతుంది. ఆరు చేపల గుంపుకు అది చాలు. ఎత్తు ఎక్కువైనా లాభం లేదు, ఎందుకంటే వీటి బ్రతుకంతా నేలమీదనే. ఇసుక మెత్తనిదై, ఐదారు సెంటీమీటర్ల మందం ఉండాలి. గులకరాళ్ళు, రంగురాళ్ళు పనికిరావు. వాటిని ఈ చేపలు నోటితో తవ్వలేవు. చిన్న వయస్సులో ఆడ మగ తేడా తెలియదు కనుక జంటగా కొనడంకన్నా గుంపుగా కొనడం తెలివైన పని. చేప ఒకటికి మూడు గుల్లల చొప్పున వేస్తే తగవులు తగ్గుతాయి. ఇతర జాతుల చేపలను ఇంత చిన్న తొట్టిలో కలపరాదని మా అభిప్రాయం. అమ్మేవారు కలపవచ్చని చెబుతారు. అది వారి వ్యాపారం.

గుల్లలకోసం ఆఫ్రికాకు పోనక్కరలేదు. మన చెరువులలో, వరిమళ్ళలో దొరికే పెద్ద నత్తల ఖాళీ గుల్లలు చక్కగా సరిపోతాయి. మా తొట్టిలోని చేపలు వాటిని ఏ ఆక్షేపణా లేకుండా స్వీకరించినవి. వాటిని బాగా ఉడకబెట్టి, లోపల మాంసపు ముక్క మిగలకుండా కడిగి, ఎండబెట్టి వాడాలి. పురుగుమందు చల్లిన పొలంలోనివి ముట్టవద్దు. సముద్రతీరంలో అమ్మే వార్నిష్ పూసిన గుల్లలు, రంగు వేసినవి విషతుల్యం. గవ్వ ఎంత అందమైనదైనా దాని నోరు సన్నని చీలిక మాత్రమే కనుక చేపకు అది ఇల్లు కాజాలదు.

ఇక నీరు. సాధారణంగా కఠినజలం అంటే మనకు ఏవగింపు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, పాత్రలకు తెల్లని పొర పడుతుంది. ఈ చేపలకు మాత్రం ఆ నీరే ఇష్టం. హైదరాబాదులోనూ, తెలంగాణలోని అనేక ప్రాంతాలలోనూ బోరుబావి నీరు కఠినమైనదే. నేడు చాలా ఇళ్ళలో ఉన్న శుద్ధియంత్రపు నీరు పరిశుభ్రమైనదే కదా అని దానిని తొట్టిలో పోస్తారు. లవణాలన్నీ తీసివేసిన ఆ నీరు మనకు తాగడానికి బాగుండవచ్చును. టాంగనీకా చేపకు అది హానికరం. మునిసిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉంటుంది. దానిని వెడల్పాటి పాత్రలో ఒకటి రెండు రోజులు గాలికి నిలవ ఉంచి గాని, సోడియం థయోసల్ఫేట్ కొద్దిగా కలిపి గాని వాడుకోవాలి. తొట్టిలో కొన్ని సున్నపురాతి ముక్కలు ఉంచితే పి.హెచ్. ఎనిమిదికి దిగకుండా నిలుస్తుంది. మన ఇళ్ళ నేలలకు పరచే షాబాదు బండ, కడప బండ సున్నపురాయి జాతివే. రాయిపై సందేహముంటే రసాయనశాస్త్ర ప్రయోగశాలలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడవచ్చు. బుసబుస పొంగితే అది సున్నపురాయి. పరీక్షించిన ముక్కను తొట్టిలో వేయకుండా దాని తోటి ముక్కను వేయాలి.

క్షారజలంలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. దీనిని తెలియకపోవడమే చాలా తొట్లలో చేపల మరణానికి హేతువు. చేపల విసర్జన వలన, మిగిలిన మేత కుళ్ళడం వలన నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, దానివలన హాని తక్కువ. రెండవది అమ్మోనియా వాయువు, ఇది చేప మొప్పలను దెబ్బతీస్తుంది. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పి.హెచ్. నీరు 25 డిగ్రీల సెంటీగ్రేడులో ఉండగా పి.హెచ్. ఏడైతే విషరూపం వెయ్యింట ఆరు పాళ్ళు మాత్రమే. ఎనిమిదైతే నూటికి ఐదు పాళ్ళు. తొమ్మిదైతే మూడవ వంతుకు మించిపోతుంది. అంటే, ఇతర చేపల తొట్టిలో క్షమింపబడే అజాగ్రత్త ఈ తొట్టిలో క్షమింపబడదు.

దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉన్నది. కొన్ని రకాల బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే; నైట్రేట్ కొంత మేరకు సహ్యం. ఈ సూక్ష్మజీవులు ఇసుకలో, స్పాంజి వడపోతలో స్థిరపడడానికి సుమారు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కనుక తొట్టిని ఈ రోజు కొని చేపలను ఈ రోజే వేయడం వాటిని చంపుకోవడమే. తొట్టిని సిద్ధం చేసి, వడపోత నడుపుతూ, ప్రతిరోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తూ వేచి ఉండాలి. దుకాణాలలో దొరికే పరీక్షా ద్రవాలతో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ శూన్యమని తేలిన తరువాతనే చేపలను తేవాలి. అటుపైన వారానికొకసారి నాల్గవ వంతుకు మించకుండా నీరు మారుస్తూ ఉంటే సరిపోతుంది. గాలిపంపుతో నడిచే స్పాంజి వడపోత చౌక, అందులోకి పిల్లలు ఈడ్చుకుపోవు. ఖాళీ తొట్టిని నెలరోజులకు పైగా చూస్తూ కూర్చోవడానికి విద్యార్థులకు ఓపిక ఉండదని మాకు తెలుసు. కాని ఆ ఓపిక లేనివారు ఈ పనికి పూనుకోకుండా ఉండడం మంచిది.

మన వాతావరణంలో నీటిని వేడిచేసే సాధనంతో పని తక్కువ. చలికాలపు రాత్రులలో మాత్రమే అవసరం కావచ్చు. మన చిక్కు ఎండాకాలం. నీరు వేడెక్కిన కొలదీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియా విషగుణం హెచ్చుతుంది. ఆ నెలలలో తొట్టిని కిటికీ ఎండకు దూరంగా ఉంచి, మూత తీసి వల కప్పి, గాలిపంపు ఆగకుండా చూడాలి. మేత స్వల్పంగా వేయాలి. పొడిమేతను నలిపి వేసినా తింటాయి గాని, ఆర్టీమియా పిల్లలంటే మిక్కిలి ప్రీతి. మన కోస్తాలోని రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రాలలో వాడేది ఈ ఆర్టీమియానే.

అన్నీ కుదిరిన తరువాత మల్టిఫేషియేటస్ గుంపు తన ఊరిని తాను కట్టుకొంటుంది. మనం వరుసగా పేర్చిన గుల్లలు వారం తిరిగేసరికి మన లెక్క ప్రకారం ఉండవు. ఒకచోట గుంట, మరొకచోట ఇసుకదిబ్బ, మధ్యలో ఎవరి వాకిలి వారిది. ఒకరి ఇసుక మరొకరి వాకిట్లో పడితే రెండు చేపలూ నోళ్ళు తెరచి ఎదురెదురుగా నిలుస్తాయి. గాయాలయ్యేదాకా పోవడం అరుదు. ఆడచేప గుడ్లను గుల్ల లోపలి గోడకు అంటించి, అక్కడే ఉండి విసరుతూ కాపాడుతుంది. గుడ్లు మనకు కనిపించవు. ఒకనాటి ఉదయం గుల్ల నోటివద్ద కనురెప్ప వెంట్రుకంత పిల్లలు నాలుగైదు నిలిచి ఉండడం చూస్తాము. నీడ పడగానే అన్నీ ఒక్కసారి లోపలికి పోతాయి. ఆ పిల్లలకు అడుగడుగు దూరం పెరగడం, గుల్ల నోటినుండి అంగుళం, తరువాత రెండంగుళాలు ముందుకు రావడం, రోజూ గమనించే వారికి మాత్రమే తెలుస్తుంది.

సరస్సులోని పరిస్థితి ఇంత నిశ్చింతగా లేదు. భూతాపం వలన పైనీరు వేడెక్కి, కిందినీటితో కలియడం తగ్గుతున్నది. ప్రాణవాయువు అందే అడుగుభాగం ఆ మేరకు కుంచించుకొని పోతున్నది. 2016లో ప్రకటితమైన ఒక పరిశోధన, తాము పరిశీలించిన ప్రాంతాలలో 1940ల నుండి అటువంటి నేల నూటికి 38 వంతులు తగ్గినదని అంచనా వేసినది. నత్తలు బ్రతికేది ఆ నేలమీదనే. పైగా ఒడ్డున అడవులు నరికినందువల్ల వానకు కొట్టుకువచ్చిన మట్టి గుల్లల పరుపులను కప్పివేస్తున్నది. పాత గుల్లలు పూడిపోతూ, కొత్త గుల్లలనిచ్చే నత్తలు తగ్గుతూ ఉంటే, ఈ చేపలకు నిలువనీడ ఎక్కడిది? అందుకే సరస్సులో పట్టి తెచ్చినవి కాక, తొట్లలో పుట్టి పెరిగిన వాటినే అడిగి కొనాలని మేము కోరుతాము. ఈ జాతి తొట్లలో తేలికగా పిల్లలు పెడుతుంది కనుక ఆ కోరిక అసాధ్యమైనది కాదు.

తేలికగా పెడుతుంది కనుకనే ఏడాది తిరిగేసరికి తొట్టి కిక్కిరిసిపోతుంది. అప్పుడు ఎక్కువైన చేపలను చెరువులోనో కాలువలోనో వదలరాదు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా అచిరకాలంలోనే చెరువులను ఆక్రమించి స్థానికమైన చేపలకు పోటీ అయినది. ఎక్కువైనవాటిని పెంచదలచిన మిత్రులకు ఇవ్వాలి. పట్టడానికి వలతో తరమనక్కరలేదు. తరిమితే ప్రతిదీ తన గుల్లలోకి పోతుంది; ఆ గుల్లను చేతితో పైకెత్తి, మరొక పాత్రలోని నీటికి కొంచెం పైగా నోరు కిందికి ఉండేటట్లు పట్టుకోవాలి. లోపలి నీరు కారిపోయే కొద్దీ చేప వెనుకకు జరిగి జరిగి తానే పాత్రలోకి దిగుతుంది. మిత్రునికి చేపతోపాటు ఆ గుల్లను కూడా ఇచ్చి పంపడం మా అలవాటు.